ముక్కుసూటమ్మ మూసిన కన్ను

ఫ్రేము కర్ర తిన్నగా ఉందో వంకర పోయిందో చెప్పడానికి ఆ దుకాణంలో ఏ పరికరమూ లేదు. ముక్కుసూటమ్మ ఉంది, అది చాలు. కర్ర కొసను చెంప దగ్గరికి తెచ్చుకుంటుంది. ఎడమ కన్ను మూస్తుంది. కుడి కన్నుతో ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క చూపు చూస్తుంది. "మధ్యలో పొట్ట వచ్చింది, పక్కన పడెయ్యండి" అందంటే ఇక ఆ కర్ర గురించి ఎవరూ నోరెత్తరు. కర్రలు తెచ్చి అమ్మే మనిషి, ఆమె ఒక కన్ను మూయగానే తన రెండు కళ్లూ మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడని వీధిలో ఎగతాళి చేస్తారు.

ఆ పేరు ఆమెకు కర్రల వల్ల కొంత, నోటి వల్ల ఎక్కువగా వచ్చింది. ఎవరైనా పెద్దాయన ఫొటో తెచ్చి బంగారు రంగు ఫ్రేము, అంచుకి పువ్వులు కావాలంటే, "అది పెడితే మీ మావగారు కనపడరండీ, ఫ్రేమే కనపడుతుంది" అని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేస్తుంది. కొందరు మొహం మాడ్చుకుని పోతారు. పోయినవాళ్లలో సగం మంది మర్నాడు తిరిగొస్తారు, ఎందుకంటే ఆమె కోసిన మూలలు అతుక్కున్నట్టు ఇంకెక్కడా అతుక్కోవు. రెండు కర్రలు కలిసే చోట గోరు దూరదు.

దుకాణం ముగ్గురిది. కర్ర పని ముక్కుసూటమ్మది, అద్దం పని భర్తది. రోజంతా గాజుతో మెలిగే మనిషి కాబట్టి ఆయన గొంతు కూడా జాగ్రత్తగానే బయటికొస్తుంది. ముందు బల్ల దగ్గర అత్తగారు కూర్చుంటుంది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, కోడలు మాటతో గాయపరిస్తే తన మాటతో మందు రాయడం ఆవిడ పని. కోడలికి ముక్కు మీద కోపమని ఆవిడే అందరికీ చెబుతుంది, ఆ కోడలిని ఇంకెవరైనా ఒక్క మాటంటే మాత్రం ఒంటికాలి మీద లేస్తుంది.

ఇంత సూటిగా మాట్లాడే మనిషికి నోరు పెగలని సంగతి ఒకటుంది. మూడేళ్ల కిందట మొదటిసారి నెల తప్పినప్పుడు, ఒకరోజు తలనొప్పి భరించలేక ఆమె ఒక మాత్ర వేసుకుంది. అందరిళ్లలో ఉండే మామూలు మాత్రే. తర్వాత రెండు రోజులకే కడుపు పోయింది. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు. భర్త పక్కనే కూర్చున్నాడు, అత్తగారు దగ్గరుండి అన్నీ చూసుకుంది. అయితే ఆ హడావుడిలో ఆవిడ నోటి వెంట ఒక ప్రశ్న వచ్చింది: "ఏమన్నా వేసుకున్నావా అమ్మాయ్?" అడిగిన మనిషి ఆ పూటే మర్చిపోయింది. విన్న మనిషి మాత్రం మర్చిపోలేదు. "లేదత్తయ్యా" అంది ముక్కుసూటమ్మ. మర్నాడే దుకాణానికి వచ్చి రంపం పట్టుకుంది. కంట నీరు పెట్టుకోలేదు. గుండె గట్టిదని వీధి వీధంతా మెచ్చుకుంది. వీధికేం, ఏది కనపడితే దాన్ని మెచ్చుకుంటుంది.

అందుకే రెండోసారి కడుపు నిలిచిన రోజున ఆమె తనలో తను ఒక నిర్ణయం తీసుకుంది. ఈ బిడ్డ బయటపడేదాకా ఒక్క మాత్ర కూడా గొంతు దిగడానికి వీల్లేదు. బలానికి ఇచ్చినవైనా సరే.

ఆరో నెలలో జలుబు పట్టుకుంది. జలుబంటే ఎవరు భయపడతారు? ముక్కు కారింది, తుమ్ములొచ్చాయి, తగ్గినట్టే తగ్గింది. తగ్గిందనుకున్నాక మళ్లీ తిరగబెట్టింది, ఈసారి జ్వరంతో సహా. ముక్కులోంచి పచ్చగా, చిక్కగా రావడం మొదలైంది. మేకు కొట్టడానికి వంగితే ఎడమ కన్ను పక్కన, ముక్కు మొదట్లో ఎవరో లోపలి నుంచి సుత్తితో కొట్టినట్టు పోటు. పై పళ్లు కూడా లాగేవి.

కడుపుతో ఉన్న మనిషికి సలహా చెప్పడానికి చదువు అక్కర్లేదు. నోరుంటే చాలు, చేతిలో పనేమీ లేకపోతే మరీ మంచిది. ఫొటోలకు వచ్చినవాళ్లంతా తలా ఒకటి చెప్పారు. ఒట్టి మనిషి కాదు కదా, ముక్కు మూసుకుపోవడం మామూలే అన్నారు. ఒళ్లు వెచ్చబడటం కూడా మామూలే అన్నారు. మా ఆడబిడ్డకు తొమ్మిది నెలలూ ముక్కు కారిందని ఒకావిడ గొప్పగా చెప్పుకుంది. ఆ 'మామూలే' అన్న మాటంత సోమరి మాట ఇంకొకటి లేదు. అది అన్నవాళ్లకు ఇక ఆలోచించే పని ఉండదు, విన్నవాళ్లకు డాక్టరు దగ్గరికి వెళ్లే పని ఉండదు.

భర్త మాత్రం వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఆమె బుగ్గల మీద, కనుబొమల మీద నొక్కి చూసి మాత్రలు రాశాడు.

"ఇవి కడుపుతో ఉన్నవాళ్లకు ఇచ్చేవేనమ్మా, భయం లేదు. తగ్గినట్టు అనిపించినా మధ్యలో ఆపకూడదు. కంటి దగ్గర వాపు కనిపించినా, చూపులో తేడా వచ్చినా, మెడ పట్టేసినా వెంటనే పెద్దాస్పత్రికి వెళ్లిపోండి."

ముక్కుసూటమ్మ బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చాక భర్త చూస్తుండగా మాత్ర నోట్లో వేసుకుంది, నీళ్లు తాగింది, గిన్నె కడిగే వంకతో కుళాయి దగ్గరికెళ్లి ఉమ్మేసింది. పూటపూటకీ అదే తంతు. ముక్కుసూటి మనిషి తన జన్మలో ఆడిన పెద్ద అబద్ధం అదే, అదీ నోట్లో నాలుక కింద పెట్టుకుని.

ఒకరోజు పొద్దున లేచేసరికి ఎడమ కంటి రెప్ప ఉబ్బి ఉంది. రంపపు పొట్టు పడిందనుకుని చన్నీళ్లతో కడుక్కుంది. దుకాణానికి వెళ్లి కర్ర చేతిలోకి తీసుకుంది. కర్రకు రెండు అంచులు కనిపించాయి, ఒకదాని మీద ఒకటి, కొంచెం పక్కకు జరిగి. అలవాటుగా ఎడమ కన్ను మూసింది. కర్ర ఒక్కటైపోయింది. ఇంకేం, పని సాగింది!

ఇదిగో, ఇలాంటి పొరపాటు ఆ దుకాణంలోనే జరగాలి. ఇంకో ఇంట్లో ఆడమనిషి పొద్దుటి నుంచి ఒక కన్ను మూసుకుని తిరిగితే నలుగురూ ముక్కున వేలేసుకుని ఏమైందని అడిగేవారు. ఇక్కడ ఆమె కన్ను మూయడం అందరికీ అలవాటైన దృశ్యం. పైగా రోజూ ఏ కన్ను మూస్తుందో సరిగ్గా ఆ కంటికే వచ్చింది జబ్బు. భర్త అటూ ఇటూ పదిసార్లు తిరిగాడు. కర్రలాయన వచ్చి తన కట్ట దించి, ఆమె మూసిన కన్ను చూసి దండం పెట్టుకుని పోయాడు. ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె కూడా తనకు తాను సర్దిచెప్పుకుంది. ఒంటికన్నుతో పని ఆగనప్పుడు రెండో కన్నుతో అంత అవసరమేముంది?

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నారు. అత్తగారు కోడలికి వడ్డిస్తూ ఏదో అడిగింది. కోడలు తలెత్తి జవాబు చెప్పింది. ఆవిడ గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"అమ్మాయ్, కర్రను చూసేటప్పుడు కన్ను మూస్తావు, సరే. నన్ను చూసేటప్పుడు ఎందుకే మూస్తావు? నేనేమన్నా ఫ్రేము కర్రనా?"

"పొట్టు పడిందత్తయ్యా."

"తెరువు."

"తెరిస్తే నొప్పి."

"తెరవమన్నానా!"

ఆవిడ గొంతు అలా లేవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ముక్కుసూటమ్మ వేలితో రెప్ప ఎత్తింది. కన్ను ఎర్రగా ముందుకు పొడుచుకు వచ్చి ఉంది. అత్తగారు గరిటె కాడను ఆమె ముందు అటూ ఇటూ తిప్పింది. కుడి కన్ను కాడ వెంట వెళ్లింది, ఎడమ కన్ను ఉన్నచోటే ఉండిపోయింది. అత్తగారు కంచాలు ఎత్తకుండానే లేచింది. "ఒరే, తాళం వెయ్యి. పెద్దాస్పత్రికి పోతున్నాం" అంది కొడుకుతో.

పెద్దాస్పత్రిలో ముక్కు డాక్టరు చిన్న వయసావిడే. ఏం పని చేస్తారని అడుగుతూనే చకచకా చూసింది. ఒక్కో కన్ను మూయించి ఎర్రటి మూత చూపించింది. ఎడమ కంటికి ఆ ఎరుపు వెలిసిపోయినట్టు కనిపించిందని ముక్కుసూటమ్మ చెప్పగానే ఆవిడ మొహంలో నవ్వు పోయింది. రక్తం తీశారు, కడుపు మీద పరికరం పెట్టి బిడ్డ గుండె విన్నారు, తల లోపలి ఫొటోలు తీశారు. అన్నీ అయ్యాక డాక్టరు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. కాన్పుల డాక్టరు కూడా వచ్చింది. తల నెరిసిన పెద్దావిడ.

"ముక్కుకి రెండు పక్కలా ఎముకల్లో ఖాళీ గదులుంటాయండీ. వాటినే సైనస్ అంటాం" అంది ముక్కు డాక్టరు. "మీకు ఆ గదుల్లో చీము పట్టింది. ఆ గదికీ కంటికీ మధ్య గోడ కాగితమంత పలచగా ఉంటుంది. చీము గోడ దాటి కంటి వెనక చేరింది. కన్నుని ముందుకు నెడుతోంది. ఇప్పుడే నరంలోకి మందు మొదలుపెట్టాలి, ఇవాళే ఆపరేషన్ చేసి చీము తీసెయ్యాలి. ఆగితే చూపు పోతుంది. ఇంకా ఆగితే అది మెదడు దాకా వెళ్లొచ్చు."

"కాన్పయ్యాక చెయ్యండి" అంది ముక్కుసూటమ్మ.

"అన్నాళ్లు ఆగడానికి లేదండీ."

"కన్ను పోతే పోనివ్వండి. నా పనికి ఒక్కటి చాలు. నాకు బిడ్డ కావాలి."

అత్తగారు మంచం పట్టీ గట్టిగా పట్టుకుంది. కాన్పుల డాక్టరు ముందుకు వంగింది.

"నేను బిడ్డ తరఫు డాక్టర్నమ్మా. నీ కంటి కోసం రాలేదు, నీ కడుపులో ఉన్నదాని కోసం వచ్చాను. నేను చెబితే వింటావా? ఆ చీము, ఆ జ్వరం నీ ఒంట్లో ఉన్నంతసేపూ ప్రమాదం బిడ్డకే. అది రక్తంలోకి ఎక్కితే నెలలు నిండకుండానే నొప్పులు రావొచ్చు. నీకేమన్నా అయితే అసలు బిడ్డే లేదు. మేమిచ్చే మందులు కడుపుతో ఉన్నవాళ్లకు ఎప్పటి నుంచో ఇస్తున్నవే. మత్తు కూడా ఈ నెలల్లో ఇవ్వొచ్చు. ప్రమాదం బొత్తిగా లేదని అబద్ధం చెప్పను. కానీ చెయ్యకపోతే ఉన్న ప్రమాదం ముందు అది చాలా చిన్నది."

"మీరందరూ అలాగే అంటారు" అంది ముక్కుసూటమ్మ. ఆ తర్వాతి మాట మూడేళ్లుగా లోపలే ఉండిపోయింది, ఇప్పుడు తోసుకుని వచ్చేసింది. "పోయినసారి ఒక్క మాత్రేనండీ వేసుకున్నది. ఒక్కటే. తలనొప్పికి. రెండు రోజులకే పోయింది. అత్తయ్య అడిగితే లేదని చెప్పాను. అందుకే ఈసారి ఆ డాక్టరుగారిచ్చినవి కూడా మింగలేదు. అన్నీ ఉమ్మేశాను."

పెద్ద డాక్టరు ఏం మాత్ర అని అడిగింది. ముక్కుసూటమ్మ చెప్పింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"దాని వల్ల కాదమ్మా. ఒక్క మాత్రతో కడుపు పోదు. మొదటి నెలల్లో పోయేవాటిలో చాలావరకు పిండమే సరిగ్గా కట్టుకోదు. తల్లి ఏం చేసినా, ఏం చెయ్యకపోయినా అవి నిలవవు. అప్పుడు నిన్నెవరూ డాక్టరుకి చూపించలేదా? ఇదెవరూ చెప్పలేదా?"

"ఎవరినీ అడగలేదు."

అప్పుడు అత్తగారు మాట్లాడింది. "అడిగింది నేను తల్లీ. నోరు ఊరుకోక అడిగాను. ఇన్నాళ్లూ దాన్ని నువ్వు కడుపులో పెట్టుకుని తిరిగావా? నాది తప్పు. ఈ వయసులో ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఇప్పుడు నా మాట విను. నాకు మనవడో మనవరాలో తర్వాత. ముందు నువ్వు కావాలి. నువ్వు రెండు కళ్లతో కావాలి."

ముక్కుసూటమ్మలోని పనిమనిషి, అంటే పని తెలిసిన మనిషి, అప్పుడు మేలుకుంది. ముక్కు డాక్టరు వైపు తిరిగి అడిగింది.

"ఎటు నుంచి వెళ్తారు? మొహం కోస్తారా?"

"లేదండీ. ముక్కులోంచే. సన్నటి గొట్టానికి కెమెరా ఉంటుంది, చూసుకుంటూ వెళ్తాం."

"ఆ కాగితం గోడ దగ్గర చెయ్యి జారితే?"

"జారకూడదనే ఇన్నేళ్లు చదివాను. మీ రంపం జారుతుందా?"

"ఎప్పుడో ఒకసారి జారుతుంది" అంది ముక్కుసూటమ్మ. "కానీ మీరు జారదని బొంకలేదు చూడండి, అందుకు ఒప్పుకుంటున్నా. చెయ్యండి. వెంటనే చెయ్యండి."

"ముక్కుసూటిగానే వెళ్తామండీ" అంది డాక్టరు. భర్త ఆ మధ్యాహ్నం నుంచీ మొదటిసారి నవ్వాడు. నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

ఆపరేషన్ బల్ల మీద ఆమెను కొంచెం ఎడమ పక్కకు వాల్చి పడుకోబెట్టారు, కడుపు బరువు పెద్ద రక్తనాళం మీద పడకుండా. "కుడి పక్కన ఎన్ని వేళ్ల ఎత్తు పెట్టారు?" అని మత్తు ఇచ్చే ఆయన్ని అడిగింది. ఆయన జవాబు చెప్పేలోపే నిద్రపోయింది. బయట అత్తగారు కూర్చోలేదు, కొడుకును కూర్చోనివ్వలేదు. లోపల చీము తీస్తున్నంతసేపూ వాళ్లిద్దరూ ఆ నడవాలో చెరో గోడ పక్కనా నిలబడ్డారు.

మెలకువ వచ్చేసరికి ముక్కులో దూది, నోటితో ఊపిరి, గొంతు ఎండిపోయి ఉంది. ఆమె చెయ్యి ముందుగా కడుపు మీదికి వెళ్లింది. పెద్ద డాక్టరు పరికరం ఆనించి శబ్దం పెంచింది. బిడ్డ గుండె పరిగెడుతున్న చప్పుడు గదంతా నిండింది. "ఇదిగో, దీనికి మనమెవరమూ లెక్క లేదు" అంది ఆవిడ.

ఆ తర్వాత ఆమె అంత బాగా మందులు తీసుకున్న రోగి ఆ వార్డులో లేదంటే అతిశయోక్తి కాదు. నరంలోకి ఎక్కించే మందు కాస్త ఆలస్యమైతే నర్సును పిలిచి మరీ అడిగేది. రెండు దొంతరల చూపు ఒక్కరోజులో పోలేదు. వాపు తగ్గేకొద్దీ, మంచానికి ఎదురుగా ఒకటి ఉన్నచోట కనిపించే రెండు కిటికీలు దగ్గరగా జరుగుతూ, ఒకనాటికి కలిసిపోయాయి. ఎరుపు మళ్లీ ఎరుపైంది. జ్వరం పోయింది. ముక్కులో పుండు మానేదాకా ఉప్పునీళ్లతో కడుక్కోవాలి, బరువులెత్తకూడదు, ముఖ్యంగా ముక్కు చీదకూడదు అని డాక్టరు పదేపదే చెప్పింది. చీదితే గాలి కంటి వైపు తోసుకెళ్తుందట.

నెలలు నిండాక పాప పుట్టింది. దాని ఏడుపు కాన్పుల వార్డు దాటి నడవాలోకి వినిపించింది. తల్లి పోలికేనని నర్సులు అన్నారు. ఆ సంగతి అందరూ చెబుతారు. అంతకంటే ముందు, ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే రోజు జరిగింది మాత్రం అత్తాకోడళ్లకే తెలుసు.

నరం సూది తీసేశారు. ఇక మిగిలినవి మాత్రలే, ఇంటి దగ్గర వాడాలి. నర్సు మొదటిది అక్కడే వేసుకోమని అరచేతిలో పెట్టి వెళ్లింది. ముక్కుసూటమ్మ దాన్ని చూసింది. అత్తగారు నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది. ముక్కుసూటమ్మ మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. గుటక వేసింది. నోరు తెరిచి చూపించింది కూడా.

ఆ వెంటనే కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి.

"నొప్పా అమ్మాయ్? నర్సుని పిలవనా?"

"కాదత్తయ్యా."

"మరేంటి?"

"పోయినసారిది. అది కూడా నా బిడ్డే కదా అత్తయ్యా. నేనే చంపుకున్నాననుకున్నా. చంపుకున్నదాన్ని, నాకు ఏడవడానికి మొహమెక్కడిది? అందుకే ఏడవలేదు. ఒక్కసారి కూడా ఏడవలేదు."

అత్తగారు గ్లాసు కింద పెట్టి మంచం మీద కూర్చుంది. కోడలి తలను తన భుజానికి ఆనించుకుంది. మూడేళ్లు ఆగిన ఏడుపు అది, ఒళ్లంతా కుదిపేసింది. ఆవిడ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే తువ్వాలు తీసి కోడలి ముక్కు కింద మెల్లగా అద్దింది.

"ఏడువు తల్లీ, కరువుతీరా ఏడువు. ముక్కు మాత్రం చీదకు."